ఉలికి పన్ను, గంపకు పన్ను

ఒక వడ్రంగి తన బాడిసెను సంతలో కొనుటకు ఎంత సొమ్ము వెచ్చించెనో, అంతకు ఆరురెట్ల సొమ్మును ఆ బాడిసెతో పని చేసికొనుటకు దొరతనమువారికి చెల్లించుకొనవలసివచ్చిన కాలమొకటి మన దేశమున నుండెనని చెప్పినచో నేటి చదువరి దానిని అతిశయోక్తిగా తలంచి నవ్వి యూరకుండవచ్చును. కాని యిది కవి చెప్పిన మాట కాదు. 1852వ సంవత్సరమున చెన్నపట్టణపు పౌరులు సంతకములు చేసి ఇంగ్లండు పార్లమెంటునకు పంపుకొనిన విజ్ఞప్తిలోని మాట. పనిముట్టు వెలకంటె దానిపై పన్ను తరచుగా ఆరురెట్లు హెచ్చుచున్నదని వారు అందులో మొరపెట్టుకొనిరి. సాలెవారును, వడ్రంగులును, ఇనుము మొదలుకొని సకల లోహములను సాగగొట్టి బ్రదుకువారును, అంగడి గలవారును, అంగడి లేక బాటప్రక్కన గంప దించుకొని కూరయో నారయో అమ్ముకొనువారును ఒక్క వలలోనే చిక్కుకొనియుండిన ఆ పన్నునకు పేరు మొహతర్ఫా.

ఈ మాట మనది కాదు. అరబ్బీ భాషలో హిర్ఫా యనగా వృత్తి, ముహ్తరిఫా యనగా వృత్తిచేత జీవించువాడు. పనివాని పేరు ఫార్సీ దఫ్తరములలో పన్ను పేరై, అటుపిమ్మట మన కరణముల గంటమునబడి మొహతర్ఫా యయ్యెను. మనిషి పేరే పన్ను పేరగుట గమనింపదగినది. భూమిపై వేసినది భూమిశిస్తు, ఉప్పుపై వేసినది ఉప్పుపన్ను. పనిచేయు మానవునిపై వేసినదానికి వేరొక పేరు వెదకవలసిన యగత్యము ఆ లెక్కలవారికి కలుగలేదు కాబోలు! ఉత్తర సర్కారులలో వర్తకులపై విధించిన దానిని వీసబడి యనియు పిలిచిరి. వీసమనగా పదునారవ పాలు గదా. వర్తకుని లాభములో ప్రభుత్వమునకొక పాలున్నదను భావము ఆ పేరులోనే నిక్షిప్తమై యున్నది.

నేడు మనము లైసెన్సు అను మాట వినినంతనే, వాహనము నడుపువానికి నడుపుట వచ్చునా, మందిచ్చువానికి మందు తెలియునా అని ప్రజల క్షేమము గోరి ప్రభుత్వము చేయు పరీక్షయొకటి మనస్సునకు తోచును. మన దేశమున వృత్తులకు అనుమతి యను వ్యవస్థ ఆ త్రోవను పుట్టలేదు. ఉలి పట్టుటకు రుసుము కట్టుమని వడ్రంగి నడిగినవారు శతాబ్దముల పర్యంతము ఉండిరి గాని, నీకు ఉలి పట్టుట వచ్చునా యని వాని నడిగిన రాజోద్యోగి యొక్కడును లేడు. ఆ పరీక్ష వాని తండ్రియు, వాని కులపెద్దలును, వానిచేత నాగలి చేయించుకొనిన రైతును చేయుచుండిరి. అనుమతి పత్రమునకు తల్లి బొక్కసము. విద్యాపరీక్ష దానికి చాలకాలమునకు తరువాత దొరకిన పెంపుడు తండ్రి. ఈ వంశవృక్షమును మరచినందుననే నేటికిని మన పురపాలక కార్యాలయములలో జరుగు పెక్కు సంగతులు మనకు వింతగా కనబడుచున్నవి.

కంపెనీవారు ఈ పన్నును ఆకాశమునుండి దింపలేదు. మగ్గమునకు మగ్గరి, గానుగకు గానుగ పన్ను, సంతలో సుంకము, రేవులో సుంకము మన రాజుల శాసనములలో విరివిగా కానవచ్చును. రాజులలో తారతమ్యములు లేకపోలేదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనమున, తుపానుకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపురాజులు బలాత్కారముగా లాగుకొనుచుండగా, తాను మాత్రము కట్టుబాటు చేసిన సుంకమును తప్ప మరేమియు పుచ్చుకొననని వర్తకులకు మాట యిచ్చియున్నాడు. వర్తకుడు పోవుట కంటె వచ్చుట లాభకరమని తెలిసిన ప్రభువు మాట యది.

అయినను, వృత్తిపన్నుల చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము విజయనగరము నాటిది. సదాశివరాయలు సింహాసనమునను, అధికారము యావత్తును అళియ రామరాజు చేతులలోను ఉండిన 1540వ దశకమున, కొండోజు అను మంగలి యొకడు రామరాజునకు క్షౌరము చేయుచుండెను. వాని హస్తలాఘవమునకు సంతసించి కోరిక యేమని ప్రభువడుగగా, వాడు తనకొక మాన్యమును గాని బంగారు కడియమును గాని కోరక, రాజ్యములోని మంగళ్ల మీది పన్నులను వెట్టిని తీసివేయుడని వేడుకొనెను. ప్రభువు అంగీకరించెను. ఆ మినహాయింపును తెలుపు శాసనములు బాదామి మొదలుకొని కన్నడదేశమునను, మన రాయలసీమ ప్రాంతమునను పెక్కుచోట్ల రాళ్లపై చెక్కబడి యున్నవి. రాజులు బ్రాహ్మణులకు అగ్రహారము లిచ్చిన శాసనములు మనకు కోకొల్లలు. ఒక మంగలి పేరు తన కులమువారందరికిని మేలు చేసినవాడుగా ఇన్ని ఱాళ్లమీద నిలిచిన సందర్భము వేరొకటి నే నెరుగను. మెడమీద కత్తి యుంచిన చేయి అడిగినప్పుడు కాదనుట ప్రభువులకు కష్టమని పరిహాసమాడువా రాడుకొందురు గాక! రామరాజు తల తళ్లికోట రణమున తెగినది గాని కొండోజు కత్తికి కాదు.

ఈ కథ సంతోషదాయకమే యైనను దాని వెనుకనున్న సంగతి అంత సంతోషదాయకము కాదు. మినహాయింపు శాసనమున కెక్కినదనగా దానికి ముందు పన్ను దేశమంతటను ఉండెనన్నమాట. పొది చంకబెట్టుకొని ఊరూర తిరుగు మంగలి యొక్క ఆదాయమేమి, దానిలో రాజభాగమేమి? అది పోయినను రాజ్యము పోదు; అయినను అది వందల యేండ్లు వసూలగుచునే యుండెను. చిన్న పన్ను చిన్నవానికి చిన్నది కాదు.

ఈస్టిండియా కంపెనీవారు 1765 మొదలుకొని ఉత్తర సర్కారులను, 1788లో గుంటూరును, 1800లో దత్తమండలములను కైవసము చేసికొనినప్పుడు, భూమితోపాటు ఈ పాత పన్నుల గంపయు వారి నెత్తికెక్కినది. కాదు, మన నెత్తి దిగలేదు. 1802వ సంవత్సరపు ఇరువదియైదవ రెగ్యులేషను ప్రకారము జమీందారులకు శాశ్వత పైసలా చేసి సన్నదులిచ్చునప్పుడు, భూమిశిస్తు వసూలు చేసికొను హక్కును వారికిచ్చి, ఉప్పును, సాయరు సుంకములను, ఆబ్కారీని, సంతల రాబడిని, వానితోపాటు మనుష్యులపైనను వృత్తులపైనను ఉన్న పన్నులను కంపెనీవారు తమకే యట్టిపెట్టుకొనిరి. చేను జమీందారునిది, చేతిపని సర్కారుది!

ఇక దానిని లెక్కగట్టిన విధమును విచారింతము. భూమికైన కొలకోల యున్నది, పంటకు కుంచమున్నది; పనివాని సంపాదనకు కొలత యేది? మగ్గములైన లెక్కింపవచ్చును, గానుగ లెక్కింపవచ్చును, అంగళ్ల తలుపులు లెక్కింపవచ్చును. కావున ఒకచోట మగ్గమునకింత, ఒకచోట ఇంటికింత, ఒకచోట అంగడికింత, మరియొకచోట సమ్మెటకు సారెకు ఇంత యని జిల్లాకొక తీరుగా, పూర్వపు దొర యెట్లు పుచ్చుకొనెనో ఈ దొరయు నట్లే పుచ్చుకొనుచు పోయెను. లెక్కకందని వానియందు అంచనాయే శరణ్యము. అంచనా కట్టువాడు కరణము, ఆమోదించువాడు తాసీల్దారు, ఊరిమీద పడిన మొత్తమును ఇంటింటికి పంచి పెట్టువాడు కులపెద్ద. ముగ్గురి దయయు కలిగినవానికి పన్ను తేలిక. ఒక్కరి దయ తప్పినను ‘దేవుడు వరమిచ్చినను పూజారి ఇయ్యడు’ అను సామెత వాని పట్ల నిజమయ్యెడిది. చెన్నపట్టణపు విజ్ఞప్తిలోని ప్రధానమైన ఆక్షేపణలలో నిది యొకటి: పన్ను మొత్తము వసూలు చేయువాని యిష్టాయిష్టములపై ఆధారపడియున్నది గనుక, ప్రజలు పోగొట్టుకొనినంతయు ఖజానా చేరుట లేదు.

సాలెవాని సంగతి మరింత దుర్భరము. 1813లో కంపెనీవారి వర్తకపు గుత్తాధిపత్యము తీసివేయబడిన పిదప లాంకషైరు మరబట్ట మన రేవులలో దిగసాగెను. నరసాపురము దాపునగల మాధవాయపాలెమునుండి ఒకప్పుడు ఐరోపాకు పోయి ఆ యూరి పేరనే మదపోలము అని ప్రసిద్ధికెక్కిన బట్ట, కొన్నాళ్లకు ఇంగ్లండులోనే నేయబడి ఆ పేరుతోనే మనకు తిరిగి వచ్చెను. నేతగాని రాబడి నానాటికి తగ్గుచుండెను. మగ్గముపై పన్ను మాత్రము మగ్గమును చూచి వేసినదే గాని దానిపై నేసిన బట్ట అమ్ముడుపోయినదా లేదా యని చూచి వేసినది కాదు. ఊరకున్న మగ్గము కూడ లెక్కకు మగ్గమే. పన్ను తప్పించుకొనుటకు ఉపాయ మొక్కటే యుండెను: మగ్గమును విప్పి అటకమీద పెట్టి, పార పట్టుకొని కూలికి పోవుట.

ఇట్టి దినములలో ఈ విషయమును సముద్రము దాటించినవాడు మన తెలుగువాడు. గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి 1806లో చెన్నపట్టణమున, బట్టలు నీలిమందు వ్యాపారము చేయు కుటుంబమున జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టితో కలిసి వర్తకము చేసి, విశేషముగా ధనము గడించి, ఆ ధనమును ప్రజాకార్యములయందే వెచ్చించెను. 1844 అక్టోబరులో ఆయన ‘క్రెసెంటు’ అను ఇంగ్లీషు పత్రికను స్థాపించెను. 1852 ఫిబ్రవరి 26న చెన్నపట్టణ స్వదేశీయుల సంఘమును నెలకొల్పెను. దక్షిణ హిందూదేశమున రాజకీయ సంఘములకు ఇదియే ఆద్యము. కాంగ్రెసు పుట్టుటకింకను ముప్పది మూడేండ్ల వ్యవధి యున్నది. ఆ యేటనే గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట ముగియుటయు తటస్థించెను. ఒకే సంవత్సరమున కాటను దొర గోదావరి నీటిని చేలకు మళ్లించుటయు, లక్ష్మీనరసు శ్రేష్ఠి ప్రజల మొరను లండనునకు మళ్లించుటయు జరిగినవని తలంచినప్పుడు నాకెప్పుడును ముచ్చటగా నుండును. మొదటిదానికి విగ్రహములు వెలసినవి. రెండవదానిని పాఠ్యపుస్తకములు సైతము మరచినవి.

కంపెనీ పట్టా 1853లో పునరుద్ధరణకు రానున్నది గనుక, అంతకుముందే దేశస్థితి పార్లమెంటువారికి తెలియవలెనని సంఘమువారి యాలోచన. విజ్ఞప్తిలో భూమిశిస్తు భారమును, న్యాయస్థానముల ఆలస్యమును, విద్యాహీనతను, రోడ్లు కాలువల లోపమును వర్ణించుచు, మొహతర్ఫాకు ప్రత్యేకముగా చోటిచ్చిరి. పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమూరు 1853లో స్వయముగా వచ్చి జిల్లాలు తిరిగి చూచెను. శ్రేష్ఠి ఆయనకు తోడుపడెను. దాని ఫలితముగా 1854లో ఏర్పడిన విచారణసంఘము మరుసటి యేడు ప్రకటించిన నివేదికలో, శిస్తు బకాయిలకై వ్రేళ్లను కిట్టిలో బిగించుట, మనిషిని వంచి ఎండలో నిలుపుట మొదలగు హింసలు తాలూకా కచ్చేరీలలో వాడుకయై యున్నట్లు సాక్ష్యములతో వెల్లడియయ్యెను. మొహతర్ఫాయు తుదకు చెన్నపురి రాజధాని యందంతటను రద్దుచేయబడెను. లక్ష్మీనరసు శ్రేష్ఠి పిమ్మట శాసనసభలో సభ్యుడుగా నుండి, ఆస్తియంతయు హరింపగా 1868లో పేదరికమున కాలధర్మము నొందెను.

పన్ను రద్దయినది, పన్ను వేయు బుద్ధి రద్దు కాలేదు. సిపాయిల తిరుగుబాటు ఖర్చు ఖజానాను పీల్చివేయగా, దానిని పూడ్చుటకై లండనులో ‘ఎకానమిస్టు’ పత్రికను స్థాపించిన జేమ్సు విల్సను ఆర్థికమంత్రిగా కలకత్తాకు వచ్చి, 1860 ఫిబ్రవరిలో ఆదాయపు పన్నును, పొగాకు పన్నును, కళలకు వర్తకములకు వృత్తులకు లైసెన్సు పన్నును ప్రతిపాదించెను. పాత వృత్తిపన్నుకే క్రొత్తబట్ట చుట్టినట్లుండెను. అప్పుడు చెన్నపట్టణమున గవర్నరుగా నున్న సర్ చార్లెసు ట్రెవెలియను, ఈ పన్నులు ఈ దేశమునకు తగవనియు, ఖర్చు తగ్గించుకొనుటయే మేలనియు ఘాటైన మినిట్టు వ్రాసి, అంతతో ఊరకుండక దానిని పత్రికలలో ప్రకటింపజేసెను. గవర్నరంతటివాడు పై సర్కారు పన్నును బహిరంగముగా తెగడుట సహింపరాని నేరము గనుక, ఆయనను వెంటనే వెనుకకు పిలిపించుకొనిరి. విల్సను ఆ యేడు ఆగస్టులోనే కలకత్తాలో విరేచనములవ్యాధిచేత మృతినొందెను. లైసెన్సు పన్ను బిల్లు కొంత నలిగి అప్పటికి ప్రక్కకు పోయెను. మరల 1867లో ఒక రూపమున, 1868లో సర్టిఫికేటు పన్నను మరియొక రూపమున తలయెత్తెను.

తుదకు 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును ఊచకోత కోసిన మహాక్షామము, పన్ను వేయువారికి చక్కని నెపమును ప్రసాదించెను. ముందు రాబోవు కరవులకు నిధి కూర్చవలెనను పేర 1878లో ప్రతి రాజధానియందును లైసెన్సు చట్టములు వెలువడెను. సూరతు నగరమున అంగళ్లు మూతపడి అల్లరులు చెలరేగెను. కరవున కాటికి చేరువై బ్రదికిన చిల్లరవర్తకునిపై కరవునిధికి పన్ను! ఇందులో నింకొక చమత్కారమున్నది. లైసెన్సు వర్తకునికిని చేతిపనివానికిని మాత్రమే; జీతము తీసికొను ఉద్యోగికి గాని వకీలునకు గాని లేదు. చట్టము వ్రాసినవారు, దానిని నడుపువారు, దానిపై వాదించువారు మువ్వురును ఆ చట్టమునకు వెలుపల నుండిరి. ఈ అన్యాయము 1886లో ఆదాయపు పన్ను చట్టము వచ్చువరకు తీరలేదు.

అనుమతి యను పేర ఒక వృత్తియే మాయమైన ఉదాహరణము కావలసినచో దత్తమండలముల ఉప్పరవారిని చూడవలెను. చౌడునేలల మట్టిని గోకి, నీటిలో కలిపి వడియగట్టి, ఎండకు ఆరబెట్టి మట్టి ఉప్పు చేయుట వారి కులవృత్తి. కులమునకు ఆ పేరే ఉప్పువలన వచ్చినది. 1805లో ఉప్పు సర్కారు గుత్తమైనది. సముద్రతీరపు ఉప్పు కొటార్ల రాబడికి ఈ మట్టి ఉప్పు పోటీయగుచున్నదని తలంచి, 19వ శతాబ్ది చివరిపాదమున దాని తయారీని క్రమముగా అణచివేసిరి. ఉప్పు చేసిన ఉప్పరి నేరస్థుడయ్యెను. పారయు తట్టయు చేతనుండెను గనుక వారు చెరువుకట్టల పనికి, రోడ్లపనికి, రైలుకట్టల పనికి మళ్లిరి. నేటికిని చాలమంది ఉప్పరవారనగా మట్టిపనివారనియే తలంతురు గాని, ఆ పేరులోని ఉప్పు ఎటు పోయినదో అడుగువారు లేరు.

విద్యను పరీక్షించి అనుమతి నిచ్చు పద్ధతి యొకవైపు వేరుగా పెరుగుచునే యుండెను. అది చేతిపనివారి జోలికి రాక, కచ్చేరీ చుట్టును పెరిగెను. 1802లోనే వకీళ్లకు రెగ్యులేషను చేసి సన్నదు పద్ధతి పెట్టిరి. 1879 చట్టముతో ప్లీడర్లకు తరగతులు స్థిరపడినవి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా ఎంత ధనము గడించినను, ఆ ‘రెండవ’ అను విశేషణమును భరింపలేక సీమకుపోయి బారిష్టరై వచ్చిరి. వైద్యులకు 1914లో మద్రాసు రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. ఆయుర్వేదము చేయరాదని ఆ చట్టము చెప్పలేదు. చేసినవానిని పట్టికలో చేర్చుకొనలేదు, అంతే. పట్టికలోని వైద్యుడు ఆయుర్వేద ఔషధశాలతో చెలిమి చేసినచో ఆతని పేరే కొట్టివేయు స్థితి వచ్చినది. దేశవైద్యమును గూర్చిన ఉస్మాను సంఘపు నివేదిక 1923లో వెలువడి, 1925లో చెన్నపట్టణమున దేశవైద్య పాఠశాల యేర్పడువరకు, మూడు తరముల వైద్యము చేతిలోనున్న పండితుడును, మూడు నెలలుగా మాత్రలమ్ముచున్న మాయగాడును చట్టము దృష్టిలో నొక్కటియే. పరీక్ష లేని అనుమతి పన్నే యగును, నిజమే. కాని పరీక్షించువాడు ఒకే శాస్త్రమెరిగినవాడైనచో ఆ పరీక్షయు వేరొకరకపు సుంకమే యగునని నా యభిప్రాయము.

మొహతర్ఫా పేరు చెన్నపురి రాజధానిలో సమసినను, నైజాము రాష్ట్రమున అటుపై చాలకాలమునకును బ్రదికియే యుండెను. అచట పన్నుతోడనే వెట్టియు ఉండెను. అధికారి మకామునకు కుమ్మరి కుండలు, చాకలి చాకిరి, మాదిగ జోళ్లు ఉచితముగా నీయవలెను. కోమటి సరకులను అధికారి నిర్ణయించిన ధరకు తూచవలెను. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్రజనసంఘమువారు మాడపాటి హనుమంతరావుగారి నాయకత్వమున తొలినాళ్లలో చేపట్టిన విషయములు స్వరాజ్యమో, బాధ్యతాప్రభుత్వమో కావు; వెట్టిచాకిరి, వర్తకస్వాతంత్ర్యము, మొహతర్ఫా. వీనిని గూర్చి చిన్న చిన్న పుస్తకములు అచ్చువేసి, ఏది సర్కారు ఉత్తరువు, ఏది పటేలు పట్వారీల కల్పన అని జనులకు తెలియజెప్పిరి. ఈ పనిని అల్పమని తలంపరాదు. ఉత్తరువు కాగితముపై నేమున్నదో తెలిసిన కుమ్మరి, ‘ఇయ్యను’ అని మొదటిసారి యనగలిగెను. పుస్తకప్రచారమునకు ఇంతకంటె ప్రత్యక్షమైన ఫలము చూపుట కష్టము.

ఇటు సర్కారులలో, వృత్తిపన్ను పురపాలక సంఘముల గూటికి చేరెను. 1865వ సంవత్సరపు పట్టణాభివృద్ధి చట్టము కళలు, వృత్తులు, వర్తకములు, వ్యాపకములపై పన్ను వేసికొను అధికారమును పట్టణములకిచ్చెను. మరుసటి యేడే గుంటూరు, బందరు, కాకినాడ, నెల్లూరు పురపాలక సంఘములయ్యెను. ఈ మారు పన్నునకు బదులుగా వీధిదీపము, కాలువ, టీకాలు కనబడుచుండెను గనుక తిట్టుకొనుచునైనను జనులు చెల్లించిరి. 1920 నాటి జిల్లా పురపాలక చట్టములో వేరొక అనుమతి స్థిరపడినది: అపాయకరములు, జుగుప్సాకరములు నైన వ్యాపారములకు ఏటేట లైసెన్సు. తోళ్లు ఊనుట, ఎముకలు ఉడికించుట, సున్నపుబట్టీ పెట్టుట మొదలగువాని నుద్దేశించి పుట్టిన యీ భాగము, ఇంగ్లీషు పొడి అక్షరములతో ‘డి అండ్ ఓ’ యని నేటికిని మన పురపాలక కార్యాలయములలో వ్యవహారమున నున్నది. ఏ పట్టణమున నైనను పిండిమరలోనికి పోయి చూడుడు: వినాయకుని పటము, వేంకటేశ్వరుని పటము, వాని సరసనే అద్దము కట్టిన లైసెన్సు. మువ్వురికిని కలిపి యజమాని ఒక్కమారే అగరువత్తి చూపును.

రాజ్యాంగము 1950లో ఏ వృత్తినైనను అవలంబించు స్వేచ్ఛను పౌరులకు ప్రాథమిక హక్కుగా నొసగి, దాని క్రిందనే సమంజసములైన నిబంధనలు పెట్టు అధికారమును, తగిన విద్యార్హతలు కోరు అధికారమును రాజ్యమునకును ఒసగెను. మరియొకచోట, 276వ అధికరణమున, వృత్తిపన్ను ఏ యొక్కని నుండియు సంవత్సరమునకు 250 రూపాయలకు మించి తీసికొనరాదని హద్దు గీచెను. 1988లో దానిని 2,500 చేసిరి. ఉలి వెలకు ఆరురెట్లు తీసికొనిన కాలము తలపునకు వచ్చినప్పుడు ఈ హద్దు విలువ తెలియును. ఆంధ్రప్రదేశమున 1987లో ఈ పన్నును పంచాయతీల, పురపాలక సంఘముల చేతినుండి రాష్ట్రము తీసికొనెను. నెలకు 20,000 రూపాయలకు మించి జీతము వచ్చు ప్రతివాని చీటీలోను, ఇటు ఆంధ్రలోను అటు తెలంగాణములోను, 200 రూపాయలు ఈ పద్దు క్రింద కోతపడుచున్నవి. 1878లో తప్పించుకొనిన ఉద్యోగి నేడు అందరికంటె ముందు చిక్కినాడు. 15,000 లోపు సంపాదించు కూలివానిని మాత్రము విడిచిపెట్టినారు. ఈ ఒక్క విషయమున మనము కొండోజుకు కొంత ఋణము తీర్చుకొన్నట్లే.

గంపవారి కథ మిగిలియున్నది. చెన్నపట్టణపు విజ్ఞప్తిలో బాటప్రక్క నమ్ముకొనువారు ఎవరిచేత బాధపడిరో చూచితిమి; వారికై 2014లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. పట్టణమున వీధివర్తకులను లెక్కించి, వర్తకుల ప్రతినిధులు కూడ గల సంఘముచేత వారికి ధ్రువపత్రము లిప్పించి, లెక్క ముగియువరకు ఎవరిని స్థానభ్రష్టులను చేయరాదని అందులో శాసించిరి. పూర్వము అనుమతిపత్రమనిన పారిపోయినవారు ఇప్పుడు ఆ పత్రమునకై వరుసలో నిలుచుచున్నారు. పన్ను రసీదుగా పుట్టిన కాగితము పోలీసువాని కఱ్ఱకు అడ్డుపడు డాలుగా మారినది. మార్పు చిన్నది కాదు. అయితే మన పట్టణపు సంతలలో ఆశీలు వసూలును ఏటేట వేలము వేయు పద్ధతియు అట్లే యున్నది. గుర్తింపు కార్డు మెడలో వేసికొనిన ముసలమ్మ తెల్లవారుజామున కూరగంప దించగానే, పాటదారుని మనిషి వచ్చి చీటీ చింపి యిచ్చి, ఆమె యింకను బోణీ చేయకమునుపే డబ్బు పుచ్చుకొని పోవుచున్నాడు.